దోషం నాలుగొందల నాలుగు

నల్లా బిల్లు కట్టే సైట్‌లో
లేని పేజీ ఒకటుంది.
దాన్ని చూసుకోవడం నా ఉద్యోగం.

మాసాబ్ ట్యాంక్‌లో, మూడో అంతస్తు,
ఫ్యాను వేస్తే కాగితాలు లేచిపోయే గది.
కిందటి నెల తొమ్మిది వేల మంది
ఆ లేని పేజీకి వచ్చి వెళ్లారు.
ఉన్న పేజీలకే అంతమంది రారు.

వచ్చినవాళ్లకి ఎర్ర అక్షరాల్లో ఒకటే మాట:
"దోషం 404. మీరు కోరిన పుట లభ్యం కాలేదు."
ఎవరు రాశారో తెలీదు.
భోజనానికి లేచే ముందు,
టిఫిన్ డబ్బా మూత తీస్తూ రాసుంటారు.

బోరబండ నుంచి బాలనర్సమ్మ ఫోన్ చేసేదాకా
నాకూ అందులో వింత కనబడలేదు.
"దోషమని వస్తుంది బిడ్డా, ఎర్రగ.
మా మనవడు సదివి జెప్పిండు,
నాలుగొందల నాలుగు దోషాలంట.
ఏం దోషం పట్టింది మా ఇంటికి?
నేనైతే నెల తప్పకుంట కడుతున్న."

నవ్వబోయి ఆగిపోయాను.
ఆవిడ పాత రసీదు నంబరు చదువుతోంది,
ఒక్కో అంకెకీ ఒక గుటక మింగుతూ.

లింకు మార్చింది మేం.
మార్చి నెలాఖర్లో, ఒక శుక్రవారం సాయంత్రం,
బస్సు దొరకదేమోనన్న తొందరలో.
దోషం వెళ్లి బోరబండలో వాలింది.

దోషం తీసి ఇంకేం పెట్టను?
తప్పు అంటే అరచేతి మీద బెత్తం.
లోపం అంటే రక్తపరీక్ష కాగితం.
చింతిస్తున్నాము అంటే
స్టేషన్లో మైకు, రాని రైలు.
పొరపాటు ఒక్కటే కాస్త మెత్తగా ఉంది,
కానీ ఎవరిదో చెప్పదది.

ఫణీంద్ర సార్ అన్నాడు: ఫ్రెండ్లీగా చేద్దాం,
బొమ్మ పెడదాం, దారి తప్పిన ఒంటె,
కింద "అయ్యయ్యో!" అని.
డిజైనర్ పిల్ల సాయంత్రానికే గీసేసింది.
బాగుంది ఒంటె. కళ్లు మరీ బాగున్నాయి.
కానీ ట్యాంకర్ రాక మూడు రోజులై
బకెట్లన్నీ బోర్లించిన ఇంట్లో
ఒంటెని ఎక్కడ కట్టేయమంటాం?

ఆ ఆదివారం మొగల్‌పురాలో
కుట్టుమిషన్లు బాగుచేసే గౌస్ దుకాణం వెతుకుతూ
ఒకే సందులోకి మూడుసార్లు వచ్చాను.
మూడోసారి, గొడుగుల ముసలాయన
చేతిలో కమ్మి కింద పెట్టకుండానే అడిగాడు:
"కిస్కు ఢూండ్‌రే అమ్మా?"
చెప్పాను.

లేదు అనలేదాయన.
"ఉండె," అన్నాడు. "రోడ్డు ఎడల్పుల పోయింది దుకాణం.
గోడ మీద పాత పేరే ఉంది, నువ్వేం జేస్తవ్?
శాలిబండల కూసుంటుండు ఇప్పుడు,
ఎర్ర షట్టరు, పక్కన పాల డబ్బా."
అంతటితో ఊరుకోక, మోకాలు పట్టుకుని లేచి,
సందు చివరిదాకా వచ్చాడు.
నేను మలుపు తిరిగేదాకా
విరిగిన గొడుగు చాపి
దిక్కు చూపిస్తూనే ఉన్నాడు.

సోమవారం ఒంటెని తీసేశాను.
డిజైనర్ పిల్ల రెండు రోజులు మాట్లాడలేదు.
రాసిందల్లా ఇది, నల్ల అక్షరాల్లో:

"ఈ పేజీ ఇక్కడే ఉండేది. మేమే మార్చాం.
మీ వల్ల ఏమీ కాలేదు. మీ డబ్బు ఎక్కడికీ పోలేదు.
బిల్లు కట్టడానికి ఇటు రండి.
మనిషితో మాట్లాడాలంటే ఈ నంబరు."

404 తీసేస్తే సర్వర్ వాళ్లు ఒప్పుకోరట.
చిన్నది చేసి ఓ మూల పెట్టాను,
గుమ్మం బయట విడిచిన చెప్పుల్లా.
నంబరు నా టేబుల్ మీది ఫోనుదే.
ఫణీంద్ర సార్‌కి ఇంకా చెప్పలేదు.

గురువారం పదకొండింటికి మోగింది.
"బాలనర్సమ్మను, బోరబండ.
బిల్లు కట్టిన బిడ్డా. దోవ దొరికింది.
గా మాటలు రాసింది నువ్వేనా?"
నేనే అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

"మంచిగ రాసినవ్.
గట్లనే, నల్లా ఏ పొద్దుకొస్తదో గూడ
ఏడనన్న రాయరాదు?"

ఫ్యాను తిరుగుతోంది.
కాగితాల మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను.
ఆ పేజీ
మా దగ్గర ఎప్పుడూ లేదు.